ఫ్యాక్టరీ నీటిలోని నత్రజని - సూక్ష్మజీవులకు మేత



నీరు నిలిచిన వరిచేనులో నైట్రేటు ఎరువు చల్లిన, అందులో చాలా భాగము పైరుకు దక్కదు. అది ఎచ్చట పోవును? గాలి చొరని బురదలోని కొన్ని సూక్ష్మజీవులు, ప్రాణవాయువు దొరకనప్పుడు నైట్రేటులోని ప్రాణవాయువును వాడుకొనును. మిగిలిన నత్రజని వాయువై గాలిలో కలిసిపోవును. వరికి అమ్మోనియా రూపపు ఎరువు వేసి బురదలో కలుపుమని చెప్పుటకు కారణమిదియే.

చేనులో నష్టము తెచ్చు ఈ పనియే మురుగునీటికి మేలు చేయును. ఎరువుల కర్మాగారముల మురుగులో అమ్మోనియా, నైట్రేటు ఎక్కువగా ఉండవచ్చును. శుద్ధి చేయక వదిలిన చెరువులలో నాచు పెరుగును. వరి ఏపుగా పెరిగి పడిపోవును. బావులలో నైట్రేటు చేరును. త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణము. మించిన నీటిని డబ్బాపాలలో కలిపి పట్టిన, ఆరు నెలల లోపు పసిపిల్లల రక్తము ప్రాణవాయువును సరిగా మోయలేక శరీరము నీలివర్ణమగు ప్రమాదము కలదు. కాచినను నైట్రేటు పోదు.

శుద్ధికి రెండు తొట్లు కావలెను. మొదటి తొట్టిలో గాలి పంపుదురు. అచ్చటి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. రెండవ తొట్టిలో గాలి చొరనీయక నీటిని మెల్లగా కలియబెట్టుదురు. ఇచ్చట పని పైన చెప్పిన బురదజీవులది. కాని మేత వేయక ఎద్దులను కాడికి కట్టిన దుక్కి సాగునా? చేని బురదలో గడ్డి, వేళ్లు, పెంట రూపమున వాటికి కర్బనము దొరకును. ఇట్టి ఫ్యాక్టరీ నీటిలో అది చాలదు. కావున మిథనాల్, ఎసిటిక్ ఆమ్లము, చక్కెర మిల్లు మొలాసిస్ వంటి వానిని మేతగా కలుపుదురు.

మోతాదు ముఖ్యము. నైట్రేటులోని ఒక కిలో నత్రజనికి సుమారు రెండున్నర మొదలు మూడు కిలోల మిథనాల్ కావలెను. తక్కువైన నైట్రేటు మిగులును. ఎక్కువైన, మిగిలిన మేత కాలువలో కుళ్లి, నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును. రెండవ తొట్టిలో గాలి చొరబడిన, జీవులు ఆ గాలితోనే మేతను ఖర్చుచేయును. నైట్రేటు అట్లే నిలుచును.

మీరు పాటించవలసినవి:

1. నైట్రేటుకు రంగు లేదు, వాసన లేదు. తేటగా ఉన్నదని ఫ్యాక్టరీ నీటిని నమ్మరాదు. నైట్రేటు, అమ్మోనియా, లవణములు, విషలోహములకు పరీక్ష చేయించిన పిదపనే పొలమునకు పెట్టుడు.

2. 45 మిల్లీగ్రాముల నైట్రేటులో 10 మిల్లీగ్రాముల నత్రజని కలదు. అట్టి నీరు ఎకరమునకు ఒక అంగుళము, అనగా సుమారు లక్ష లీటర్లు, పెట్టిన ఒక కిలో నత్రజని వేసినట్లే. ఆ మేరకు ఎరువు తగ్గించుడు.

3. మేత వేసిన చాలునని బావిలో బెల్లము పోయకుడు. తొట్టిలోవలె అదుపు లేనందున నీరు చెడును. పసిపిల్లలకు వేరొక మంచినీటిని వాడుడు.