చెక్కు మారింది, పాలసీ పుట్టలేదు: బీమా తగాదాల్లో కెరీర్

1960 డిసెంబరు 27న ఒకాయన యాభై వేల రూపాయల జీవిత బీమాకు ప్రపోజల్ ఫారం నింపారు. డాక్టరు పరీక్ష కూడా ఆ రోజే అయిపోయింది. మొదటి ప్రీమియం కింద రెండు చెక్కులిచ్చారు. రెండో చెక్కు జనవరి 11న మారింది. ఆ మర్నాడే ఆయన చనిపోయారు. భార్య క్లెయిమ్ అడిగితే ఎల్ఐసీ మచిలీపట్నం డివిజనల్ ఆఫీసు కుదరదంది. కింది కోర్టులో ఆమె ఓడింది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో గెలిచింది. 1984లో సుప్రీంకోర్టు మళ్లీ ఎల్ఐసీ వైపే తేల్చింది. ప్రీమియం పుచ్చుకున్నంత మాత్రాన ప్రపోజల్‌ను ఒప్పుకున్నట్టు కాదని, ఒప్పుకున్న సంగతి అవతలివారికి తెలియజేస్తేనే ఒప్పందం పుడుతుందని చెప్పింది. మౌనం అర్ధాంగీకారమనే సామెత అక్కడ చెల్లలేదు.

2018లో డి. శ్రీనివాస్, ఎస్‌బీఐ లైఫ్ కేసు వచ్చింది. ఇంటి అప్పుతో పాటు బీమా, దానికి ప్రీమియం చెల్లింపు, ఆపైన మరణం. మెడికల్ పరీక్ష కాలేదు కాబట్టి పాలసీయే లేదని కంపెనీ వాదన. జస్టిస్ ఎన్.వి. రమణ ఉన్న ధర్మాసనం పాత తీర్పును కాదనలేదు గానీ, దానికీ మినహాయింపులుంటాయంది. డబ్బు తీసుకుని, సహేతుకమైన గడువులో తిరస్కరించకుండా ఊరుకుంటే ఒప్పుకున్నట్టే భావించవచ్చని చెప్పింది.

ఈ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని, చేతిలో ఉన్న ఫైలు దేనికి దగ్గరో చెప్పగలిగినవాళ్లకి ఈ రంగంలో పని ఉంటుంది. సెక్షన్లు గడగడా అప్పజెప్పేవాళ్లకి కొరత లేదు. తేదీల వారీగా ఫైలు చదివేవాళ్లే తక్కువ.

ఆ చదువు నేర్చుకోవడానికి వనస్థలిపురం విద్యార్థి ఊరు దాటక్కర్లేదు. రంగారెడ్డి జిల్లా కోర్టులు ఎల్బీ నగర్‌లోనే ఉన్నాయి. మోటారు ప్రమాద పరిహారం కేసులు అక్కడ రోజూ నడుస్తుంటాయి. వెళ్లి కూర్చుని వినొచ్చు, పైసా ఖర్చు లేదు. వినియోగదారుల చట్టం 2019 వచ్చాక బాధితులు తాము నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉన్నా ఫర్వాలేదు. గడువు రెండేళ్లు. జిల్లా కమిషన్ పరిధి 50 లక్షలు, అదీ కట్టిన సొమ్మును బట్టి. అంటే కోటి రూపాయల పాలసీ అయినా ప్రీమియం వేలల్లో ఉంటే కేసు జిల్లా స్థాయిలోనే మొదలవుతుంది. కొత్త లాయరుకు ఇది చిన్న సంగతి కాదు.

ఇక వాదనలో మెలకువలు. ఫైలులో మొదట తీయాల్సిన కాగితం క్లెయిమ్ తిరస్కరించిన లేఖ. అందులో చూపని కారణాన్ని కంపెనీ తర్వాత కోర్టులో కొత్తగా ఎత్తుకోకూడదని 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోది తేదీలు. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన జీవిత బీమా పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. మూడోది పాలసీ భాష. ఒక షరతుకు రెండర్థాలు వస్తుంటే, ఆ పాలసీ రాసింది కంపెనీయే కాబట్టి కోర్టులు మామూలుగా పాలసీదారుకు మేలు చేసే అర్థం తీసుకుంటాయి.

అలాగని జడ్జీలు ఎప్పుడూ పాలసీదారు పక్షమే అనుకోకూడదు. మొజాంబిక్‌లో దోమకాటుతో మలేరియా సోకి చనిపోయిన ఒకాయన కుటుంబం ‘ప్రమాదం’ కింద పరిహారం అడిగింది. 2019లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు: మలేరియా విస్తారంగా ఉన్న దేశంలో దోమకాటు అనుకోని ప్రమాదం కాదంది. అదే ఏడు, ముందున్న మరో పాలసీని ప్రపోజల్ ఫారంలో దాచారన్న కారణంతో ఇంకో జీవిత బీమా క్లెయిమ్ తిరస్కరణనూ సమర్థించింది.

2020 అక్టోబరు వానలకు ఎల్బీ నగర్ చుట్టుపక్కల కాలనీలు నీట మునిగాయి. అలాంటప్పుడు సెల్లార్లో మునిగిన కారును ఓనరు కంగారులో స్టార్ట్ చేస్తే ఇంజిన్ పాడవుతుంది. ఆ నష్టం వరదదా, స్టార్ట్ చేసినందువల్ల వచ్చినదా? మామూలు మోటారు పాలసీ రెండోదాన్ని మినహాయిస్తుంది. తేల్చడానికి మెకానికల్ బుర్ర కావాలి. అందుకే ఇది లా చదివినవాళ్ల సొత్తు మాత్రమే కాదు. ఇంజినీరింగ్ పట్టభద్రులు, చార్టర్డ్ అకౌంటెంట్లు ట్రైనింగ్, పరీక్ష పూర్తిచేసి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సుతో నష్టాన్ని అంచనా వేసే సర్వేయర్లు కావచ్చు. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయమూ, సర్వేయర్ల సంస్థ కార్యాలయమూ హైదరాబాదులోనే ఉన్నాయి. సర్వేయరు నివేదికే ఆఖరి మాట కాదని 2009లో సుప్రీంకోర్టు అంది కాబట్టి, ఫోటోలూ లెక్కలూ క్రాస్ ఎగ్జామినేషన్‌కు నిలిచేలా రాయడం వచ్చి తీరాలి.

లా దారిలో వెళ్లాలంటే లాసెట్ ప్రవేశ పరీక్ష ఉంది: ఇంటర్ తర్వాత ఐదేళ్లు, డిగ్రీ తర్వాత మూడేళ్లు. ఆపైన బార్‌లో నమోదు, ఆలిండియా బార్ ఎగ్జామినేషన్. జూనియర్‌గా మొదటి ఏళ్లు జేబు నిండే రోజులేమీ కావు. ఆ రోజుల్లోనే బీమా కంపెనీల ప్యానెల్ లాయర్ల దగ్గర చేరితే రెండు పక్షాల రాతలూ చూడొచ్చు. ఎల్ఐసీ, ప్రభుత్వ సాధారణ బీమా కంపెనీలు లీగల్ విభాగానికి విడిగా అధికారుల నోటిఫికేషన్లు ఇస్తుంటాయి. కోర్టు మెట్లు ఎక్కడం ఇష్టంలేనివాళ్లకు క్లెయిమ్స్ విభాగాలున్నాయి. అక్కడ ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా నిర్వహించే లైసెన్షియేట్, అసోసియేట్ పరీక్షలకు విలువ ఉంది.

ఫిర్యాదులకు ఇంకొక వేదిక బీమా అంబుడ్స్‌మన్. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది, ఫీజు లేదు, లాయర్లకు ప్రవేశమూ లేదు. పాలసీదారు తానే వెళ్లి మాట్లాడాలి. ఆ మనిషి చేతిలో పెట్టే రెండు పేజీల ఫిర్యాదును తేటగా, తెలుగులోనో ఇంగ్లిషులోనో రాసిపెట్టడం లా మూడో ఏడాదిలో ఉన్న విద్యార్థి చేయగలిగిన పనే.