చూడని దీవి గురించి రాసిన మనిషి: డేనియల్ డెఫో



పోయిన యూనిట్ టెస్ట్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక ఉత్తరం ఇచ్చాను. మీరు వెళ్లొచ్చిన ఏదైనా ఒక చోటు గురించి ఫ్రెండ్‌కి రాయండి అన్నాను. పేపర్లు దిద్దుతుంటే క్లాసులో సగం మందికి పైగా ఊటీ వెళ్లొచ్చారు. అందరూ అదే బొటానికల్ గార్డెన్ చూశారు, అదే చల్లగాలికి మురిసిపోయారు, అదే వాక్యంతో ముగించారు. గైడ్‌లో ఉన్న ఉత్తరం అది. ఒక్క అబ్బాయి మాత్రం అమ్మమ్మగారి ఊళ్లో, రాత్రిపూట త్రీఫేజ్ కరెంటు వచ్చినప్పుడు తాతయ్యతో కలిసి పొలంలో మోటారు వేయడానికి వెళ్లిన సంగతి రాశాడు. స్టార్టర్ డబ్బా మూత తీస్తే లోపల తేలు ఉందట. టార్చిలైటు పట్టుకున్నది తనేనట. ఇంగ్లిష్‌లో తప్పులు చాలానే ఉన్నాయి. అడ్రస్ రాయాల్సిన చోట రాయలేదు. ఐదుకి రెండు వేశాను. ఊటీ వాళ్లకి నాలుగు.

తరువాతి వారం అదే క్లాసుకి 'రాబిన్సన్ క్రూసో' చెప్పడానికి పుస్తకం తెరిచినప్పుడు ఆ మార్కులు నన్ను ఇబ్బంది పెట్టాయి. ఆ నవల రాసిన డేనియల్ డెఫో కూడా తను వెళ్లని చోటు గురించే రాశాడు. దక్షిణ అమెరికాలో ఓరినోకో నది సముద్రంలో కలిసే చోటుకి దగ్గర్లో ఒక దీవి. ఆయన అటువైపు ఏనాడూ వెళ్లలేదు. అయినా 300 ఏళ్లుగా చదివినవాళ్లందరికీ ఆ దీవి కళ్లముందు కనపడుతోంది. మన పిల్లల ఊటీని మాత్రం రెండో లైనుకే నమ్మబుద్ధి కాదు. ఈ తేడా ఎక్కడుందో చెప్పాలంటే డెఫో చదువు, బతుకు కొంచెం చెప్పాలి.

ఆయన 1660 ప్రాంతంలో లండన్‌లో పుట్టాడు. ఇంటిపేరు అసలు 'ఫో' మాత్రమే. ముందున్న 'డె' ముప్పై దాటాక తనే తగిలించుకున్నది. తండ్రి జేమ్స్ ఫో కొవ్వొత్తుల వ్యాపారి. పిల్లవాడికి ఐదేళ్లప్పుడు, 1665లో, లండన్‌ని ప్లేగు ఊడ్చేసింది. మరుసటి ఏడాదే ఊరు తగలబడింది. ఆ కుటుంబం ప్రభుత్వ చర్చిని ఒప్పుకోని ప్రొటెస్టెంట్లలో చేరింది. అలాంటి వాళ్లని 'డిసెంటర్లు' అనేవారు. వాళ్ల పిల్లలకు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి తలుపులు మూసేశారు. అందుకని డెఫోని లండన్‌కి ఉత్తరాన న్యూయింగ్టన్ గ్రీన్‌లో చార్లెస్ మోర్టన్ అనే ఆయన నడిపే అకాడమీలో చేర్చారు. ఈ మోర్టన్ తరువాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఉపాధ్యక్షుడయ్యాడు.

ఆ రోజుల్లో పెద్ద చదువంటే లాటిన్ మీడియం. మోర్టన్ మాత్రం పాఠాలన్నీ పిల్లలు ఇంట్లో మాట్లాడే ఇంగ్లిష్‌లోనే చెప్పాడు. ఇంగ్లిష్ మీడియం స్కూలు పత్రికలో, ఇంగ్లిష్ టీచర్ ఈ మాట తెలుగు పేజీలో రాయడం కొంచెం చిత్రంగానే ఉంటుంది. ఏం చేస్తాం, ఆ కాలంలో ఇంగ్లిష్ మీడియం అంటే మాతృభాష మీడియమే.

ఆ అకాడమీలో ఇంకో అలవాటు ఉండేది. పిల్లలు వారానికి రెండుసార్లు ఉత్తరాలు రాయాలి. కొన్నిసార్లు సొంతంగా కాదు, వేరే మనిషిగా రాయాలి. ఈ వారం నువ్వు విదేశీ రాజు కొలువులో ఉన్న రాయబారివి, మన ప్రభుత్వానికి ఉత్తరం రాయి, అన్నట్టు. డెఫో ముసలితనంలో కూడా దీన్ని గుర్తు పెట్టుకుని రాశాడు. ఇది కూడా ఊటీ ఉత్తరంలాంటిదే కదా అనిపించవచ్చు. కాదు. రాయబారిగా రాయాలంటే ఆ మనిషి అక్కడ ఏం చూస్తాడు, అతనికి ఏం తెలియదు, ఎవరికి భయపడతాడు అని ముందు ఆలోచించాలి. గైడ్ ఉత్తరానికి ఆ అవసరం లేదు. నలభై ఏళ్ల తరువాత డెఫో రాసిన నవలలు చూడండి. ఒకటి ఓడ పగిలి దీవిలో పడ్డ నావికుడు 'నేను' అని చెప్పేది. ఇంకోటి దొంగతనాలు చేసిన ఆడమనిషి 'నేను' అని చెప్పేది. క్రూసో మొదటి అచ్చులో డెఫో పేరే లేదు. క్రూసో స్వయంగా రాసిన పుస్తకం అని అట్ట పేజీ మీద వేశారు.

చదువయ్యాక మతబోధకుడు అవుతాడనుకుంటే వ్యాపారంలో దిగాడు. మేజోళ్లు, ఉన్ని సరుకులు అమ్మాడు. 1684లో మేరీ టఫ్లీతో పెళ్లయింది. కట్నం 3,700 పౌండ్లు, ఆ రోజులకి చాలా పెద్ద మొత్తం. అదీ నిలవలేదు. యుద్ధ కాలంలో ఓడలకి బీమా ఇచ్చాడు, ఆ ఓడలు పోయాయి. అత్తరు కోసం పునుగు పిల్లుల్ని కొన్నాడు. తిరుమల శ్రీవారికి వాడే పునుగు తైలం మనకి తెలుసు కదా, ఆ పిల్లులే. చివరికి 1692లో 17,000 పౌండ్ల అప్పుతో దివాలా తీశాడు. థేమ్స్ ఒడ్డున టిల్‌బరీలో ఇటుకలు, పెంకుల బట్టీ పెట్టి అప్పులు తీర్చడం మొదలుపెట్టాడు. ఆ మధ్యలోనే 1697లో దేశానికి పనికొచ్చే పథకాల మీద ఒక పుస్తకం వేశాడు. రోడ్లు, బీమా సంఘాలు, దివాలా తీసినవాళ్లకి న్యాయమైన చట్టం, వాటితో పాటు ఆడపిల్లలకి ఒక అకాడమీ. ఆడవాళ్లకి చదువు దక్కకుండా చేసి, పైగా తెలివి తక్కువవాళ్లని వెక్కిరించడం అన్యాయం అని ఆ రోజుల్లోనే వాదించాడు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఈ సంగతి ఇంట్లో చెప్పండి.

ఇక ఆయన్ని జైలుకి పంపిన కరపత్రం. 1702లో ఆన్ రాణి గద్దెనెక్కింది. డిసెంటర్లని అణిచేయాలనే గొంతులు గట్టిపడ్డాయి. డెఫో ఆ ఏడాది చివర పేరు వేయకుండా ఒక చిన్న పుస్తకం వదిలాడు. అందులో తనే ఒక చర్చి ఛాందసుడి వేషం కట్టి, వీళ్లని దేశం నుంచి తరిమేయాలి, బోధకుల్ని ఉరితీయాలి అని అదే గొంతుతో రాశాడు. ఎంత బాగా అనుకరించాడంటే నిజమైన ఛాందసులు భలే రాశాడని మెచ్చుకున్నారు, డిసెంటర్లు వణికిపోయారు. తరువాత అసలు సంగతి బయటపడింది. మెచ్చుకున్నవాళ్లకి తల కొట్టేసినట్టయింది. ఆయన్ని పట్టిస్తే 50 పౌండ్ల బహుమతి అని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించింది. ముక్కు వంపు, మొనదేలిన గడ్డం, నోటి దగ్గర పుట్టుమచ్చ, అన్నీ వివరంగా వేశారు. 1703 మేలో దొరికాడు. న్యూగేట్ జైలు, జరిమానా, మూడు రోజులు పిల్లరీ.

పిల్లరీ అంటే నడిబజార్లో స్తంభానికి బిగించిన చెక్క. మూడు కంతల్లో తల, చేతులు పెట్టించి మనిషిని నిలబెడతారు. జనం కుళ్లిన గుడ్లు, బురద, ఒక్కోసారి రాళ్లు కూడా విసురుతారు. దెబ్బలకి చచ్చిపోయినవాళ్లూ ఉన్నారు. మొదటి రోజు నిలబెట్టింది కార్న్‌హిల్‌లో, ఒకప్పుడు ఆయన వ్యాపారం చేసిన వీధి. పాత కొనుగోలుదార్ల ముందు అలా నిలబడడం ఎలా ఉంటుందో ఆలోచించండి. డెఫో జైల్లో కూర్చునే పిల్లరీ మీద ఒక పాట రాసి ఆ రోజుల్లోనే వీధుల్లో అమ్మించాడు. జనం ఆయన మీద పూలు చల్లారని ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఈలోగా బట్టీ మాత్రం మూతపడింది.

ఆ ఏడాది నవంబరులో రాబర్ట్ హార్లీ అనే రాజకీయ నాయకుడు విడిపించాడు. ఊరికే కాదు. డెఫో ఆయనకి గూఢచారిగా, కరపత్రాల రచయితగా పనిచేయాలి. చేశాడు. 1704 నుంచి 1713 దాకా 'రివ్యూ' పత్రికని దాదాపు ఒంటిచేత్తో నడిపాడు. 1707లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ కలిసే ముందు ఎడిన్‌బరోలో మకాం వేసి, వ్యాపారినని చెప్పుకుంటూ హార్లీకి రహస్యంగా కబుర్లు పంపాడు. తరువాత పార్టీ మారితే కలమూ మారింది. ఈ భాగం నాకు నచ్చదు. పిల్లలకి ఆయన్ని మహనీయుడని చెప్పడం నా వల్ల కాదు. కానీ వేషం కట్టి రాయడం చేతికి బాగా అలవాటయింది ఈ ఏళ్లలోనే.

1719 ఏప్రిల్ 25న 'రాబిన్సన్ క్రూసో' వచ్చింది. అప్పటికి ఆయనకి అరవై దగ్గర పడ్డాయి, అంతకుముందు పెద్ద నవల ఒక్కటీ లేదు. అలెగ్జాండర్ సెల్కర్క్ అనే స్కాటిష్ నావికుడు పసిఫిక్‌లో ఒక దీవిలో నాలుగేళ్లకి పైగా ఒంటరిగా బతికి 1709లో బయటపడ్డాడు. ఆ కథ అప్పట్లో అందరికీ తెలుసు. దాన్ని పట్టుకుని డెఫో తన మనిషిని 28 ఏళ్లు దీవిలో ఉంచాడు.

మరి చూడని దీవిని మనం ఎందుకు నమ్ముతున్నాం? డెఫో ఆకాశం, అందం, చల్లగాలి గురించి దాదాపు మాట్లాడడు. సామాన్లు లెక్కపెడతాడు. పగిలిన ఓడలోంచి ఏమేం తెచ్చాడు, ఎన్ని తెచ్చాడు. రొట్టె, బియ్యం, వడ్రంగి పెట్టె, తుపాకులు, తెరచాప గుడ్డలు. ఓడలో కొంత డబ్బు కూడా దొరుకుతుంది. ఇక్కడ నువ్వెందుకు పనికొస్తావని డబ్బుని తిడతాడు. కాసేపాగి ఎందుకైనా మంచిదని మూటగట్టుకుంటాడు. దివాలా తీసిన వ్యాపారి తప్ప ఇంకెవరూ ఇది రాయలేరని నా నమ్మకం. ఇంకోచోట నెలల తరబడి కష్టపడి పెద్ద చెట్టుని పడవగా తొలుస్తాడు. పూర్తయ్యాక చూస్తే దాన్ని నీళ్లదాకా కదిలించడం కుదరదు. ఎంతవుతుందో లెక్కేసుకోకుండా పని మొదలుపెట్టానని తనని తనే తిట్టుకుంటాడు. ఆ పునుగు పిల్లులు, ఆ ఓడల బీమా గుర్తొస్తాయి నాకు. దీవి చూడలేదు గానీ నష్టం చూశాడు, లెక్కల పుస్తకం చూశాడు. దీవిలో క్రూసో తన కష్టసుఖాల్ని కూడా జమాఖర్చుల్లాగే రెండు వరుసల్లో రాసుకుంటాడు. ఒకవైపు ఒంటరిగా చిక్కుకున్నాననే బాధ. ఎదురుగా, తోటివాళ్లంతా మునిగిపోయినా తను బతికానన్న ఊరట.

బజార్లో దొరికే పిల్లల సంక్షిప్త ప్రతుల్లో ఈ లెక్కలు చాలావరకు కోసేస్తారు. ఇంకోటి కూడా కోసేస్తారు, అది దాచకూడదు. క్రూసో ఆ ఓడ ఎక్కిందే ఆఫ్రికా నుంచి బానిసల్ని తేవడానికి. అంతకుముందు తనతో పాటు తప్పించుకొచ్చిన జూరీ అనే కుర్రాణ్ని అరవై వెండి నాణేలకి ఓడ కెప్టెన్‌కి ఇచ్చేస్తాడు. ఫ్రైడేకి తన పేరు చెప్పడు, 'మాస్టర్' అని పిలవమంటాడు. మీ పిల్లలతో చదివేటప్పుడు ఇక్కడ ఆగి, ఫ్రైడే అసలు పేరు ఏమై ఉంటుందని అడగండి. మా క్లాసులో ఈ ఒక్క ప్రశ్న మీద పీరియడంతా అయిపోయింది.

మిగతా నవలల్లో 'మాల్ ఫ్లాండర్స్' 1722లో, 'రొక్సానా' 1724లో వచ్చాయి. అవి పెద్దవాళ్ల పుస్తకాలు, ఇంటర్ దాటాక చదవచ్చు. 1722లోనే వచ్చిన 'ప్లేగు ఏడాది దినచర్య' మాత్రం మీరు చదవండి. జీను సామాన్ల వ్యాపారి ఒకడు 1665 లండన్‌ గురించి చెప్పినట్టు ఉంటుంది. వారం వారం ఏ పేటలో ఎంతమంది పోయారో అచ్చయిన పట్టికల నుంచి అంకెలు ఇస్తాడు. ఆ ఏడాది అధికారిక లెక్కలోనే ప్లేగు చావులు 68,596. 2020లో మనం రోజూ సాయంత్రం జిల్లాలవారీ కేసుల బులెటిన్ కోసం ఎదురుచూసిన రోజులు గుర్తున్నవాళ్లకి ఆ పేజీలు కొత్తగా అనిపించవు.

మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు అడిగారు: "మేడం, మా పాప ఆన్సర్లు మరీ సింపుల్‌గా రాస్తోంది, పెద్ద పెద్ద వర్డ్స్ నేర్పించరా?" అప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. డెఫో వ్యాపారస్తుల కోసం రాసిన పుస్తకంలో మంచి భాష అంటే ఏమిటో చెప్పాడు. రకరకాల తెలివితేటలున్న ఐదువందల మంది ముందు ఒక మనిషి మాట్లాడితే అందరికీ ఒకేలా అర్థమవ్వాలి, అది మంచి భాష అన్నాడు. అమ్మా, మీ పాప రాసేది ఆ ఐదువందల మందికీ అర్థమవుతుంది. స్పెల్లింగ్ నేను చూసుకుంటాను.

డెఫో 1731 ఏప్రిల్‌లో లండన్‌లోనే, పుట్టిన పేటకి దగ్గర్లో, ఇంటికి దూరంగా ఒక అద్దె గదిలో చనిపోయాడు. పాత అప్పులవాళ్ల నుంచి దాక్కున్నాడని చెబుతారు. బన్‌హిల్ ఫీల్డ్స్‌లో పాతిపెట్టారు. 1870లో ఒక పత్రిక ఇంగ్లండ్ పిల్లలందరినీ చందాలడిగి ఆ సమాధి మీద ఎత్తైన స్తంభం కట్టించింది. 1,700 మంది ఇచ్చారని దాని మీదే చెక్కి ఉంది.

ఈ నెల ఎనిమిది, తొమ్మిది తరగతుల హోంవర్క్ ఇది. మీ ఇంట్లో రాత్రి కరెంటు పోయింది, తెల్లారేదాకా రాదు. ఇంట్లో ఏమేం ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి, దేనితో ఏం చేస్తారు, ఒక పేజీ రాయాలి. దయచేసి మీరు రాసివ్వకండి, గైడ్ కొనివ్వకండి. పిల్లలతో పాటు వంటింట్లోకి వెళ్లి అగ్గిపెట్టెలో ఎన్ని పుల్లలున్నాయో లెక్కపెట్టండి. ముందు తెలుగులో రాసుకుని తెచ్చినా తీసుకుంటాను, ఇంగ్లిష్ క్లాసులో కూర్చుని చేసుకుంటాం. తేలు ఉత్తరానికి మార్కులు మార్చాను. ఆ అబ్బాయి వాళ్ల తాతయ్యగారు మీటింగ్‌కి వస్తే స్టార్టర్ డబ్బా సంగతి ఇంకా కొన్ని అడగాలి.