పెట్టెలోని పాత చందమామలు
(బాలుర అద్భుతకథల తొలి ముద్రణలను గూర్చి)

ప్రతి వేసవి సెలవులలోను మన యిండ్లలో ఒక పని జరుగుచుండును. అటకమీది పెట్టెలను దింపి, దుమ్ము దులిపి, పనికిరాని కాగితములను వేరుచేసి, పాతకాగితములు కొనువానికి తూచి యిచ్చుట ఆచారము. ఆ తూకములో కాలముచెల్లిన లెక్కల పుస్తకములతో పాటు పిల్లల కథల పుస్తకములు కూడ పోవుచున్నవి. ఈ యేటి సంచికలో ఆ కథల పుస్తకములను గూర్చియే తల్లిదండ్రులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

బాలబాలికల కొరకు వ్రాయబడిన అద్భుతకథలను, శాస్త్రకల్పనలను వాని తొలి ముద్రణలలో సేకరించుట పాశ్చాత్య దేశములలో ఒక విద్యగా పెరిగినది. అది ధనవంతుల వేడుక యనియు, మనకు దూరమైన విషయమనియు మనము తలచుచుందుము. ఒక విధమున నిజమే. కాని తెలుగు ఇంటి భాషగాను, తమిళము బజారు భాషగాను, కచేరీ భాషగాను ఉన్న మన నల్లంపల్లి వంటి చోట, ఇంటిలోని పాత తెలుగు పుస్తకమునకు అంగడిలో దొరకని విలువ యొకటి కలదు. ఆ విలువ యెట్టిదో తెలియుటకు ముందు, తొలి ముద్రణ యనగానేమో తెలిసికొనవలెను.

తొలి ముద్రణ యనగా నేమి?

ఒక గ్రంథము మొదటిసారి అచ్చునకు కూర్పబడి వెలువడినప్పుడు ఆ ప్రతులను తొలి కూర్పు అందురు. అందును మొట్టమొదట యంత్రమునుండి దిగిన ప్రతులు తొలి ముద్రణము. అదే కూర్పును మార్పులేక మరల అచ్చొత్తినచో అది పునర్ముద్రణము. రచయిత మాటలు మార్చి, కొత్తవి చేర్చి అచ్చొత్తించినచో అది రెండవ కూర్పు. ఈ భేదములు చిన్నవిగా తోచును గాని, వాని వెనుక పెద్ద కథలుండును. మూడు నిదర్శనములు చూతము.

ఆంగ్లమున లూయీ కారల్ రచించిన ఆలిస్ కథ 1865లో అచ్చయినది. బొమ్మలు వ్రాసిన జాన్ టెన్నియల్ అచ్చు చక్కగా రాలేదని ఆక్షేపించెను. రచయిత ఆ ముద్రణమును వెనుకకు తీసికొని, మరల అచ్చొత్తించెను. అట్లు వెనుకకు పోయిన ప్రతులలో నేడు లోకమున మిగిలినవి ఇరువది పైచిలుకు మాత్రమే. ఒక చిత్రకారుని పట్టుదలకు ఆ ప్రతులు సాక్ష్యములు.

టోల్కీన్ రచించిన 'హాబిట్' 1937 సెప్టెంబరులో 1,500 ప్రతులుగా వెలువడినది. అందు గొల్లుమ్ అను గుహావాసి పొడుపుకథల పందెమున తన యుంగరమునే పణముగా నొడ్డును. ఓడిన పిమ్మట ఉంగరము కనబడక క్షమాపణ చెప్పుకొని, దారి చూపును. తరువాత వ్రాసిన పెద్ద గ్రంథములో ఆ యుంగరమే ప్రధానము కాగా, రచయిత 1951 నాటి కూర్పులో ఈ ఘట్టమును మార్చివేసెను. మర్యాద తెలిసిన గొల్లుమ్ క్రూరుడయ్యెను. మొదటి గొల్లుమ్‌ను చూడవలెనన్నచో తొలి కూర్పునే చూడవలెను.

ఇక మూడవది మన పిల్లలు కూడ ఎరిగిన హారీ పాటర్ కథ. అందలి మొదటి పుస్తకము 1997 జూనులో గట్టి అట్టతో 500 ప్రతులు మాత్రమే అచ్చయినది. అందు చాలభాగము గ్రంథాలయములకు పోయి, పిల్లల చేతులలో నలిగినది. 2021లో ఆ ముద్రణపు ప్రతి యొకటి అమెరికాలో వేలమునందు 4,71,000 డాలరులు పలికినది. చదివి చింపవలసిన పుస్తకమును చదువక దాచినవాడు ధనవంతుడగుట ఒక వింత. ఈ వింతను మేము ఆదర్శముగా చూపుట లేదు. అరుదైనది యేదో, విలువైనది యేదో ముందుగా ఎవరును చెప్పలేరని మాత్రము దీనివలన గ్రహింపవలెను.

మాసపత్రికయే తొలి ముద్రణము

సేకరించువారు ఎరిగిన మరియొక విషయము కలదు. అనేక కథలకు తొలి ముద్రణము పుస్తకము కాదు, పత్రిక. ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ సముద్రగర్భమున సంచరించు నావను గూర్చి వ్రాసిన ప్రసిద్ధ నవల 1869, 1870 సంవత్సరములలో బాలబాలికల పత్రికలో భాగములు భాగములుగా వెలువడినది. పుస్తకములు అటుపిమ్మట ప్రబలినవి.

మన భాషలో జరిగినదియు నిదియే. తెలుగున అద్భుతకథలకు మొదటి పెద్ద నిధి మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) రచించిన 'కాశీమజిలీ కథలు'. మణిసిద్ధుడను యతి గోపాలబాలునితో కాశికి పోవుచు, ప్రతి మజిలీయందును ఆ బాలుడు చూచిన వింతకు కారణమైన కథను చెప్పును. పన్నెండు భాగములుగల ఆ గ్రంథము గ్రాంథికభాషలో నడచినది. పెద్దలు చదువగా పిల్లలు వినుట ఆ కాలపు పద్ధతి.

పిల్లలు తామే చదువుకొనుటకు తగిన పత్రికలు పిమ్మట వచ్చినవి. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావుగారి 'బాల' 1945లో ప్రారంభమైనది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మద్రాసునుండి 'చందమామ'ను వెలువరించిరి. అదే నెలలో తమిళమున 'అంబులిమామా' కూడ వెలువడినది. 1949లో కన్నడము, హిందీ చేరినవి. 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావుగారు ఆ పత్రికా రచనాభారమును వహించిరి. కాశీమజిలీల గ్రాంథికమునకును, చందమామ తేటమాటలకును మధ్య తెలుగు వచనము ఎంతదూరము నడచినదో, ఆ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టినచో ఒక్క పుటలో తెలియును.

చందమామ ధారావాహికలలో పిల్లలు మరువనివి దాసరి సుబ్రహ్మణ్యంగారివి. 1954లో ప్రారంభమైన 'తోకచుక్క' వానిలో మొదటిది. ఏకాక్షి, చతుర్నేత్రుడు అను మాంత్రికుల పోరాటము ఆనాటి పిల్లలకు నిద్ర పట్టనీయలేదు. పిమ్మట 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ' మున్నగునవి వచ్చినవి. 1978లో ఆరంభమైన 'భల్లూక మాంత్రికుడు' వరకు ఈ వరుస సాగినది. ఆ రచయిత పేరు ఆ ధారావాహికలపై అచ్చు కాలేదు. ఎవరు వ్రాసిరో తెలియకయే తరములు చదివినవి. ఆయన 2010లో పరమపదించిరి. పేరు ఆలస్యముగా బయటపడినది. కాని కథల తొలి ముద్రణము మాత్రము మన పెట్టెలలోని విడిసంచికలలోనే యున్నది.

తమిళనాట నివసించు మనకు ఇందు మరియొక సంతోషము కలదు. 'తోకచుక్క'కు బొమ్మలు వేసిన 'చిత్రా', అనగా టి. వి. రాఘవన్‌గారు, తమిళులు. 1952లో చందమామలో చేరి, 2020లో తొంబదియారేండ్లు దాటి కన్నుమూసిన శంకర్‌గారును తమిళులే. తెలుగువారు వ్రాసిన కథకు తమిళుడు బొమ్మ వేయగా, రెండు భాషల పిల్లలును ఆ బొమ్మనే చూచి భయపడిరి, నవ్విరి. ఇరుగుపొరుగుల మైత్రికి ఇంతకంటె మంచి పాఠ్యపుస్తకము మేమెరుగము. మీ యింట పాత చందమామయు, పొరుగింట పాత అంబులిమామయు ఉన్నచో, రెండును చేర్చి పిల్లలచేత చదివింపుడు. అనువాదమనగా నేమో వారికి వేరుగా బోధింప నక్కరలేదు.

మేము చేసిన పొరపాటు

ఇచ్చట మా తప్పు నొకటి ఒప్పుకొనవలెను. మా పెద్దలు కూర్చిన సంచికలు కొన్ని మా యింట నుండెను. అందు 'రాకాసిలోయ' వెలువడిన 1961 ప్రాంతపు సంచికలును కలవు. మేము యువకులమై యుండగా వానిని భద్రపరుపవలెనని తలచి, బైండు చేయువానికి ఇచ్చితిమి. అట్టలు చినిగియున్నవి, ప్రకటనల పుటలు వ్యర్థము, వానిని తీసివేయుమని చెప్పినది మేమే. అతడు చెప్పినట్లే చేసి, అంచులు సమముగా కోసి, ఎర్రని గుడ్డ అట్ట వేసి యిచ్చెను. చూచుటకు సొగసుగా నుండెను.

నేడు ఆ సంపుటమును తెరచినచో కథ కలదు, మిగిలినది లేదు. అది ఏ నెల సంచికయో, వెల యెంతయో, ముఖచిత్రము ఎవరు వ్రాసిరో తెలియదు. వడ్డాది పాపయ్యగారి వంటి చిత్రకారులు ముఖచిత్రములు వ్రాసిన పత్రిక అది! ఫోటో వ్యాఖ్యల పోటీలో గెలిచినవారి పేర్లు, ఊర్లు అచ్చైన పుటలును తరువాత వెదకగా కానరాలేదు. అన్నిటికంటె బాధించునది వేరొకటి. అట్ట లోపలి వైపున మా మేనత్త తన చిన్ననాటి చేవ్రాతతో పేరు వ్రాసికొనియుండెను. ఆమె బడిలో తెలుగు చదివినదనుటకు మా యింట మిగిలిన ఒకే వ్రాత అది. దానిని మేమే చేజేతుల కోయించి పారవేసితిమి.

తొలి ముద్రణపు విలువ మాకు బోధపడినది ఆనాడే. కథ మరల అచ్చు కావచ్చును. చందమామ 2013 తరువాత వెలువడకపోయినను, దాని సంచికల ప్రతిబింబములు అనేకము అంతర్జాలమున చదువుకొన వచ్చును. కాని మన యింటికి వచ్చిన ప్రతి, మన వారి చేతులలో నలిగిన ప్రతి, ఒక్కటే. అది పోయినచో ఎవరును మరల అచ్చొత్తలేరు.

గుర్తించుట, భద్రపరచుట

తల్లిదండ్రులకు ఉపయోగపడునట్లు కొన్ని సూచనలు చెప్పుదుము.

పుస్తకము చేతికి వచ్చినప్పుడు మొదట ముద్రణ వివరములు చూడవలెను. ఇవి ముఖపత్రము వెనుకనో, చివరి పుటలోనో, అట్ట వెనుకనో యుండును. అచ్చుకూటము పేరు, సంవత్సరము, ఎన్నవ ముద్రణము అను మాటలు చదువవలెను. "ప్రథమ ముద్రణ" అని యున్నచో సరే. "ద్వితీయ", "తృతీయ" అనియున్నను పారవేయ నక్కరలేదు. పత్రికయైనచో అట్టమీది నెల, సంవత్సరము, వెల ముఖ్యము. ధారావాహికయైనచో ఎన్నవ భాగమో చూచి, వరుసగా పేర్చి, లేనివానిని వేరొక కాగితముపై వ్రాసికొనవలెను.

అట్టలను, ప్రకటనలను తీయరాదు. అంచులు కోయింపరాదు. చినిగినచోట జిగురుపట్టీ అంటింపరాదు. కొన్నేండ్లకు ఆ జిగురు గోధుమవన్నెకు తిరిగి అక్షరములను తినివేయును. పుస్తకముపై కలముతో అంకెలు వేయరాదు. అవసరమైనచో సీసపుకడ్డీతో మెల్లగా వ్రాయవలెను. చౌక పత్రికల కాగితము సాధారణముగా కొయ్యగుజ్జుతో చేయబడును. అందలి ద్రవ్యములు వెలుతురు తగిలినకొలది పసుపువన్నెకు తిరిగి, కాగితము పెళుసగును. కావున ఎండ తగులరాదు. తడియు తగులరాదు. మన ప్రాంతమున అక్టోబరు, నవంబరు వానలలో పెట్టెలను ఒకసారి తెరచి చూడవలెను. కుట్టిన ఇనుపతీగ తుప్పుపట్టినచో ఆ మరక పుటలకు ప్రాకును. ఉతికి ఆరవేసిన నూలుగుడ్డలో చుట్టి, నేలకు ఎత్తుగా, గోడకు ఎడముగా, చదునుగా పరుండబెట్టుట మేలు. ఎండిన వేపాకు మన పెద్దలు వాడినదే. ఆకు పచ్చిగానున్నచో తేమ చేరునని మరువరాదు.

ధనాశ మాత్రము వలదు. చందమామ అసంఖ్యాకముగా అచ్చైన పత్రిక. మన పెట్టెలోని సంచికను అమ్మి ఇల్లు కట్టలేము. అట్లే, దాచుట పేరుతో పిల్లలకు అందనీయక తాళము వేయుటయు తప్పే. చేతులు కడుగుకొని, చాపమీద పెట్టుకొని, పెద్దవారి ప్రక్కన కూర్చుండి చదివిన పిల్లవాడు పుస్తకమును చింపడు.

మనకేల యీ శ్రమ?

2006 నాటి చట్టము ననుసరించి తమిళము మన పిల్లలకు పదవ తరగతి వరకు తప్పనిసరి భాష యైనది. మనము పుట్టి పెరిగిన నేల భాషను పిల్లలు చక్కగా నేర్వవలసినదే. అందు రెండవ మాట లేదు. అయితే బడిలో తెలుగునకు దొరకు గడియలు కొద్దివి. ఆ కొద్ది గడియలలో అక్షరములు నేర్పగలము గాని, చదువవలెనను కోరికను నేర్పుట కష్టము. కోరిక కథవలన పుట్టును. "తరువాత ఏమైనది?" అని అడుగు పిల్లవానికి తెలుగు పుట బరువు కాదు.

అందును, ఆ కథ తాతగారు చదివిన ప్రతిలోనే యున్నచో పిల్లవానికి మరియొక సంగతి తెలియును. తెలుగు పొరుగురాష్ట్రమునుండి తెచ్చిన పాఠ్యపుస్తకము కాదనియు, తన యింటిలో తనకు ముందే యున్నదనియు ఎరుగును. మేము వేయి మాటలలో చెప్పలేనిది, అట్టమీద నలిగిన చేవ్రాత ఒక్కటి చెప్పును.

కావున తల్లిదండ్రులకు మా మనవి యిది. ఈ వేసవిలో పెట్టె దింపినప్పుడు తూకమునకు ముందు ఒక పూట ఆగుడు. కథల పుస్తకములను వేరు చేయుడు. ఏ పుస్తకము ఎవరిదో, ఎప్పుడు కొన్నదో ఇంటిలోని పెద్దల నడిగి పిల్లలచేత ఒక పట్టికలో తెలుగున వ్రాయింపుడు. ఇంట దాచుటకు చోటు లేనివారు పాఠశాలకు ఇచ్చినచో, ఇచ్చినవారి ఇంటిపేరుతో బీరువాలో ఉంచి, పిల్లలచేత చదివింతుము. ఒక్కటి మాత్రము కోరుచున్నాము: ఎంత చినిగినదైనను అట్టను తీయక ఇయ్యుడు.