తుప్పు పట్టిన బోల్టు తల చెడకుండా ఊడాలంటే

వానకు తడిసే నీళ్ల మోటారు, విశాఖ, కాకినాడ ఉప్పుగాలికి నానే గేటు, పాత స్కూటరు... ఎక్కడైనా కథ ఒకటే. ఇనుము తుప్పుగా మారితే మునుపటికన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మరల సందు పూడుకుపోయి నట్టూ బోల్టూ ఒకదాన్నొకటి వదలవు. పానా పట్టే ముందు ఆ సందు తెరిపించాలి.

1. బయటికి కనిపించే మరల మీద మట్టి, రంగు, తుప్పు పొరలను వైర్ బ్రష్‌తో గీకేయండి. నట్టు ఆ దారినే బయటికి రావాలి మరి.

2. తుప్పు వదిలించే స్ప్రేను నట్టు అంచున, మర లోపలికి దూరే చోట కొట్టండి. తల మీద ఎంత పోసినా దండగే. స్ప్రే లేకపోతే డీజిలులో కాస్త ఇంజన్ ఆయిల్ కలిపి చుక్కలు వేయండి. వంటనూనె వద్దు, కొన్నాళ్లకు జిగురై ఎండిపోతుంది. సాయంత్రం వేసి, పడుకునేముందు మరోసారి వేసి, పొద్దున పానా పట్టండి. పది నిమిషాలకే ఫలితం రాలేదని స్ప్రేను తిట్టేవాళ్లే ఎక్కువ!

3. పానా సరైన కొలతది కావాలి. మామూలు ఎం8 బోల్టు తలకు 13 మి.మీ. పానా. చేతికందిందని 14 పెడితే మూలలు అరిగి తల గుండ్రమవుతుంది, ఇక ఏ పానాకీ పట్టు దొరకదు. ఓపెన్ పానా రెండు పక్కలే పట్టుకుంటుంది కాబట్టి రింగు పానా వాడండి. ఆరు మూలల సాకెట్ ఉంటే ఇంకా మేలు. స్క్రూ స్పానర్‌ను మాత్రం పెట్టెలోనే ఉండనివ్వండి.

4. బోల్టు తల మీద సుత్తితో నిటారుగా నాలుగైదు దెబ్బలు వేయండి. ఆ అదురుకు తుప్పు చిట్లి నూనె లోపలికి దిగుతుంది. మర ఉన్న చివర కొట్టారో, అది పుట్టగొడుగులా విచ్చుకుని నట్టును దాటనివ్వదు. మోటారు ఒంటి మీదా దెబ్బ పడనివ్వకండి, పోత ఇనుము పగులుతుంది.

5. విప్పే ముందు బిగించే వైపు రవ్వంత కదపండి. కదిలాక కూడా ఒకేసారి లాగేయకుండా కాస్త విప్పి, కాస్త బిగించి, మళ్లీ విప్పండి. బిర్రుగా తగిలితే ఇంకో చుక్క నూనె.

6. సైకిలు ఎడమ పెడల్‌కు ఎడమ మర ఉంటుంది. చాలా టేబుల్ ఫ్యాన్ల రెక్కల ముందు బిగించే బిళ్లకూ అంతే. అవి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడతాయి.

7. పానాకు పైపు తొడిగి కాడ పొడవు రెట్టింపు చేస్తే తిప్పే బలమూ రెట్టింపవుతుంది. ఎం6 లాంటి సన్న బోల్టులకు ఈ బలం పనికిరాదు, తల తెగి చేతికొస్తుంది. పానాను మీ వైపుకు లాగండి. నెట్టేటప్పుడు జారితే వేళ్ల కణుపులు చెక్కుకుపోతాయి.

8. నట్టును వేడిచేస్తే వ్యాకోచించి పట్టు సడలుతుంది. అయితే స్ప్రే కొట్టిన చోట, పెట్రోలు ట్యాంకు, రబ్బరు సీళ్ల దగ్గర నిప్పు పనికిరాదు. జింకు పూత బోల్టుల పొగ పీల్చకూడదు.

9. దేనికీ లొంగకపోతే కళ్లద్దాలు పెట్టుకుని, నట్టును హ్యాక్సాతో నిలువునా కోసి ఉలితో చీల్చేయండి.

10. కొత్తది బిగించేటప్పుడు మరకు గ్రీజు పూయండి. బండి చక్రాల నట్లకు, బ్రేకు బోల్టులకు మాత్రం కంపెనీ పుస్తకంలో రాయమని ఉంటేనే.