ఉయ్యాలయు వాకిటి కుక్కయు

మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్కయే మొదటిది. ఆవు, గొఱ్ఱె, గుఱ్ఱము మున్నగునవి మనుష్యుని చెంత చేరుటకు వేల సంవత్సరములు ముందే కుక్క అతని వెంట వేటకు పోయెను. రాత్రివేళ అతని నెగడు ప్రక్కను పండుకొని కాపలా కాచెను. నాటి స్నేహము నేటికిని చెడలేదు.

పశ్చిమగోదావరి జిల్లాలోని ఉండి ప్రాంతమును చూచినచో ఈ స్నేహము కన్నులకు కట్టును. భీమవరమునకును ఆకివీడునకును నడుమ, గోదావరి కాలువల నీటితో పండు వరిచేలును, చేపల చెఱువులును, రొయ్యల చెఱువులును గల సీమ యిది. దీనికి పడమటి దిక్కున కొల్లేరు. చెఱువుగట్టు మీద కావలివాని పాక యుండును. పాక ముందొక కుక్క యుండును. నడిరేయి అడుగుల చప్పుడైనచో మొదట లేచునది అదియే. ఊరిలోను పెక్కిండ్ల వాకిట కుక్క కానవచ్చును. ఇంటివారు దానికొక పేరు పెట్టుదురు. అందఱి భోజనములైన పిదప దానికింత అన్నము పెట్టుదురు. పిల్లలు బడికి పోవునపుడు అది వీధిచివఱ దాక వచ్చి, మరల నింటికి పోవును.

ఇట్టి యింటికి ఒకనాడు పసిబిడ్డ వచ్చును. అప్పుడొక ప్రశ్న పుట్టును. ఈ కుక్కను ఎంతవఱకు నమ్మవచ్చును? “మా కుక్క ఎవ్వరిని ఏమియు చేయదు” అని పెక్కుమంది యందురు. ఆ మాట అంతవఱకును నిజమే కావచ్చును. అయినను ఆ మాటను నమ్మి బిడ్డను కుక్కచెంత విడిచిపోరాదు. పసిపిల్లలను కఱచు కుక్కలలో వీధికుక్కలే గాక, ఆ పిల్లలెఱిగిన కుక్కలును, సొంతయింటి కుక్కలును గలవు.

పంచతంత్రములోని ముంగిస కథను ఎఱుగనివారుండరు. తల్లి నీళ్లకు పోయెను. ఇంట బిడ్డయు, పెంపుడు ముంగిసయు మిగిలినవి. ఉయ్యాల దాపునకు వచ్చిన పామును ముంగిస చంపి, నెత్తుటి మూతితో తల్లికి ఎదురేగెను. బిడ్డను చంపినదని తలచి తల్లి దానిని చంపెను. తొందరపాటు కూడదని ఈ కథకు నీతి చెప్పుదురు. అయితే ఇందు మఱియొక నీతియు గలదు. ఆ యింట పెద్దవారొక్కరున్నను బిడ్డకు పామువలన భయమే లేకపోయెడిది. ముంగిసయు బ్రతికి యుండెడిది. పెద్దల కన్ను బిడ్డను మాత్రమే గాక, జంతువును సైతము కాపాడును. బిడ్డను కఱచిన కుక్కకు సామాన్యముగా దక్కునది కఱ్ఱదెబ్బలో, దూరపు టూరిలో విడిచిపెట్టబడుటయో కదా!

కావున మఱవరాని సూత్రము ఇది: బిడ్డయు కుక్కయు ఉన్నచోట మూడవ వ్యక్తి యొకరు ఉండితీరవలెను. వంటయింటి నుండి చెవి యొగ్గి వినుట కావలి కాదు. చేయి చాచిన బిడ్డ అందునంత దగ్గఱగా నుండుటయే కావలి. క్షణమాత్రము లేచిపోవలసి వచ్చినను, బిడ్డను చంక నెత్తుకొని పోవలెను. లేదా కుక్కను వెలుపలికి పంపి తలుపు గడియ వేయవలెను.

ఈ మూడవ వ్యక్తి ఎవరు? నాట్లవేళ తల్లి చేనికి పోవును. చేపలు పట్టు దినమున తండ్రి తెల్లవాఱకముందే చెఱువునకు పోవును. నాయనమ్మకు చూపు తక్కువ. అప్పుడు బిడ్డను చూచుకొనునది తఱచుగా బడికి పోవు అక్కయో, అన్నయో. ఆఱేండ్ల బాలుడు ఇట్టి కావలికి చాలడు. ఎనిమిదవ తరగతి చదువు పిల్లలు నేర్చుకొన్నచో చాలుదురు. ఇక్కడ చెప్పబడు విషయములు ముఖ్యముగా వారికి ఉపకరించును.

మొదట బిడ్డ యింటికి వచ్చు దినమును గూర్చి తెలిసికొనవలెను. తెలుగువారి యిండ్లలో తొలికాన్పు పుట్టినింట జరుగును. మూడవ నెలలోనో, అయిదవ నెలలోనో తల్లిని బిడ్డను సారెతో అత్తవారింటికి తీసికొని వత్తురు. ఆ యింటి కుక్క ఆ బిడ్డను అంతవఱకు చూచి యెఱుగదు. ఆనాడు ఇల్లంతయు బంధువులతో నిండును. క్రొత్త వాసన, క్రొత్త యేడుపు. సందడిలో కుక్కకు అన్నము పెట్టుటయే మఱతురు. దానికి నెలవుగా నున్న అరుగు మీద పెట్టెలు చేరును. కుక్క కలతపడుటలో వింత యేమున్నది?

దీనికి ముందే సిద్ధపడవచ్చును. బిడ్డకు చుట్టిన పాతగుడ్డ నొకదానిని ముందుగా తెచ్చి కుక్కను వాసన చూడనీయవలెను. కుక్క పండుకొను తావు మార్పవలసియున్నచో, బిడ్డ రాకకు కొన్ని వారములు ముందే మార్పవలెను. వచ్చిన దినమున దానిని సందడికి దూరముగా నీడపట్టున కట్టి, వేళకు తిండియు నీరును పెట్టవలెను. ఇల్లు సద్దుమణిగిన పిదప ఒకరు కుక్క త్రాడు పట్టుకొని, వేఱొకరు బిడ్డ నెత్తుకొని, ఎడముగా నిలిచి చూపవలెను. కుక్క నెమ్మదిగా నున్నచో దానిని మెచ్చుకొనవలెను. బిడ్డను దాని ముఖము వద్దకు దింపి చూపుట మాత్రము ఎన్నడును తగదు. ఊగు ఉయ్యాలయు, అందు కదలు కాళ్లును, కీచుమను ఏడుపును కొన్ని కుక్కలకు వేటను తలపించును. కనుక ఉయ్యాల ఉన్న గదిలోనికి కుక్కను ఒంటిగా రానీయరాదు.

కుక్కకు మాటలు లేవు గాని భాష గలదు. తనకు నచ్చనిది జరుగునపుడు అది మొదట ముఖము ప్రక్కకు త్రిప్పుకొనును. తిండి లేకున్నను పెదవులు నాకుకొనును. నిద్ర రాకున్నను ఆవులించును. కంటి తెల్లగ్రుడ్డు అంచున కనబడును. చెవులు వెనుకకు వాలును, తోక కాళ్లనడుమకు పోవును. అటుపై ఒడలు బిగించి కదలక నిలుచును. ఆ తరువాత గుఱ్ఱుమనును. అప్పటికిని దానిమాట విననిచో కఱచును. పసిబిడ్డకు ఈ భాష తెలియదు. కాబట్టి తెలిసినవారు చదివి, కుక్క గుఱ్ఱుమనక ముందే బిడ్డను ఎత్తుకొనవలెను. తోక ఊపు కుక్క యెల్లప్పుడును సంతోషముగా నున్నదని తలచుటయు పొరపాటే. ఒడలు బిగించి, తోక నిక్కించి ఊపు కుక్క కోపముతో నుండవచ్చును.

గుఱ్ఱుమన్నందుకు కుక్కను కొట్టరాదు. గుఱ్ఱుమనుట నేరము కాదు, అది హెచ్చరిక. దెబ్బలకు వెఱచి హెచ్చరించుట మానిన కుక్క, మఱియొకసారి ఏ సూచనయు లేక కఱచును. గుఱ్ఱుమన్న కుక్కను దూరముగా కట్టి, కారణము విచారింపవలెను. చెవిలో పుండో, గోమార్ల బాధయో, ముసలితనపు కీళ్లనొప్పియో యుండవచ్చును. ఎంత సాధువైన కుక్కయైనను నొప్పిలో ఓర్పు కోల్పోవును. అప్పుడు చూపవలసినది పశువైద్యునకు.

బిడ్డ పాకుట నేర్చిన దినము నుండి భయము ఇనుమడించును. అంతవఱకు కుక్క ఉయ్యాల వద్దకు రాకుండ చూచిన చాలును. ఇప్పుడు బిడ్డయే కుక్క వద్దకు పోవును. నిద్రించు కుక్క మీద చేయి వేయును. తోక పట్టి లాగును. చెవి పట్టుకొని లేవజూచును. తినుచున్న గిన్నెలో చేయి పెట్టును. చేతిలో జంతికయో, అన్నపు ముద్దయో పట్టుకొని తిరుగు బిడ్డనుండి కుక్క దానిని లాగుకొనబోవును. పన్ను చేతికి తగులును. కావున కుక్కకు తిండి వేఱొక చోట పెట్టి, అది తిని ముగించువఱకు బిడ్డను అటు పోనీయరాదు. బిడ్డకు కుక్కను చూపుచు అన్నము తినిపించుట కొందఱికి అలవాటు. ఆ అలవాటు మానుట మేలు. పిల్లలను పెట్టిన కుక్కను, గొలుసుతో కట్టియున్న కుక్కను సమీపింపనే కూడదు. చెఱువుగట్టు కావలికుక్క క్రొత్తవారిని తఱుముటకే పెంచబడినది. యజమాని కొడుకైనను ముద్దుబిడ్డడని దానికి తెలియదు.

పసివాడు తెలియక చేసినది తప్పు కాదు. తెలిసిన పిల్లలు వేడుకకై కుక్కను బాధించుట మాత్రము తప్పే. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరములో నన్నయభట్టు తెలుగున భారతమును ఆరంభించినపుడు, ఆదిపర్వమున సరమ అను దేవతల కుక్క కథను చెప్పెను. జనమేజయుడు యాగము చేయుచోట సరమ పిల్ల ఆడుకొనుచుండెను. అది హవిస్సును ముట్టలేదు. అయినను రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది ఏడ్చుచు పోయి తల్లితో చెప్పెను. సరమ రాజును సమీపించి, నేరము చేయని దానిని కొట్టినవారికి అనుకొనని భయములు కలుగునని హెచ్చరించి పోయెను. నేటి యిండ్లలోను ఈ మాట నిజమగుచున్నది. అన్న కఱ్ఱతో పొడిచిన కుక్క, అన్నకు వెఱచి ఊరకుండి, నెమ్మదిగా ప్రాకివచ్చిన చెల్లెలిని కఱచును.

జాగ్రత్త ఎంత యున్నను ఒక్కొక్కప్పుడు కాటు తప్పదు. అప్పుడు చేయవలసినది ముందే తెలిసియుండవలెను. గాయమును వెంటనే ధారగా పాఱు నీటిలో సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. ఈ చిన్న పని విషక్రిములను చాలవఱకు పోగొట్టును. గాయమునకు సున్నము, కారము, పసుపు, కాఫీపొడి, ఆకుపసరు ఏదియు పెట్టరాదు. గట్టిగా కట్టు కట్టరాదు. తరువాత ఆలస్యము చేయక బిడ్డను ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ప్రభుత్వ వైద్యశాలలలో ఈ టీకా ఉచితముగా వేయుదురు.

తొందర ఎందుకనగా, కుక్క నోటి చొంగవలన రేబిస్ వ్యాధి సోకవచ్చును. వ్యాధి లక్షణములు కనబడిన పిదప దాదాపు ఎవ్వరును బ్రతుకరు. ముందుగా టీకా వేసినచో అది రాదు. పిల్లలు పొట్టివారగుటచే కాటు తఱచుగా ముఖమునకో, మెడకో తగులును. మెదడునకు దగ్గఱయగుటచే వ్యాధి త్వరగా ముదురును. ప్రపంచములో రేబిస్ అనుమానము గల జంతువులు కఱచినవారిలో నూటికి 40 మంది 15 ఏండ్లలోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెల్పుచున్నది. అందుచేత రక్తము వచ్చిన చిన్న గీఱుడును, పుండును కుక్క నాకుటయు సైతము వైద్యునకు చూపవలసినవే.

ఈ టీకాకు కారణభూతుడు ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్. 1885 జులై 6వ తేదీన జోసెఫ్ మైస్టర్ అను 9 ఏండ్ల బాలుని ఆయన వద్దకు తెచ్చిరి. పిచ్చికుక్క బాలుని పలుచోట్ల కఱచియుండెను. పాశ్చర్ పర్యవేక్షణలో వానికి 13 సూదులు వేయబడెను. బాలుడు బ్రతికెను; పెద్దవాడై పాశ్చర్ సంస్థలోనే కావలివాడుగా పనిచేసెను. భారతదేశమున 1900లో కసౌలిలోను, 1907లో నీలగిరులలోని కూనూరులోను ఇట్టి సంస్థలు వెలసెను. తరువాత చిరకాలము బొడ్డుచుట్టు వేయు సూదులు వాడుకలో నుండెను. వాని బాధకు వెఱచి చికిత్స మానుకొన్నవారు గలరు. ఆ పాతమందు తయారీని దేశమున 2004లో మానివేసిరి. ఇప్పటి టీకాను భుజమునకు వేయుదురు. చంటిబిడ్డకు తొడకు వేయుదురు. చికిత్స మొదలైన దినమును 0 గా లెక్కించి, కండకు వేయు పద్ధతిలో 0, 3, 7, 14, 28 దినములందును, చర్మములో వేయు పద్ధతిలో 0, 3, 7, 28 దినములందును వేయుదురు. గాయము లోతైనచో దానిచుట్టు వేఱొక మందు కూడ ఎక్కింతురు. వైద్యుడు మానుమన్న దాక ఒక్క మోతాదును విడువరాదు. కుక్కను 10 దినములు కనిపెట్టి చూడవలసినదే. కాని అందుకై టీకాను ఆపరాదు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది కాటును దాచుట. “కుక్కతో ఆడవద్దంటిని గదా” యని తండ్రి కొట్టునను భయముచే పిల్లలు గాయమును చొక్కా చేతిక్రింద దాచుదురు. తమ్ముని కావలిలో ఏమఱిన అక్కయు నోరు విప్పదు. తిట్లు ఒక పూటతో పోవును. దాచిన కాటు ప్రాణము తీయవచ్చును. చెప్పిన పిల్లలను కొట్టకుండుట పెద్దల ధర్మము. కొట్టినను చెప్పుట పిల్లల ధర్మము.

కుక్కకు మూడవ నెలలో రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన గడువు ప్రకారము మరల వేయించుచుండుట ఇంటివారి బాధ్యత. సెప్టెంబరు 28, అనగా పాశ్చర్ మరణించిన దినము, ప్రపంచ రేబిస్ దినముగా పాటింపబడుచున్నది. ఆ రోజుల్లో పలుచోట్ల ఈ టీకాలను ఉచితముగా వేయుదురు.

బిడ్డ నాలుగైదేండ్ల వాడైన పిదప వానికి కొన్ని మాటలు నేర్పవచ్చును. తినుచున్న కుక్కను, నిద్రించు కుక్కను కదపరాదు. క్రొత్త కుక్క వచ్చినచో పరుగెత్తరాదు, అఱవరాదు. చేతులు ఒడలికి చేర్చి చెట్టువలె నిలువవలెను. క్రింద పడినచో ముడుచుకొని, చెవులను మెడను చేతులతో కప్పుకొని ఱాయివలె ఉండవలెను.

అట్లు పెరిగిన బిడ్డకు వాకిటి కుక్క చక్కని నేస్తమగును. ఒకనాడు వాడును వీధిచివఱ దాక దానితో నడిచి బడికి పోవును. అంతవఱకు వారిద్దఱి నడుమను కూర్చుండియున్న అక్క కన్నులే బిడ్డకును కుక్కకును రక్ష.