ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష మళ్లీ తప్పాను!

ప్రశ్న: డిగ్రీ చదివాను. అయినా ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్స్) కోసం ఆర్టీఏ ఆఫీసులో కంప్యూటర్ పరీక్ష రాసి రెండుసార్లు ఫెయిలయ్యాను. ట్రాఫిక్ గుర్తుల దగ్గరే తడబడుతున్నాను. ఏం చేయాలి?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ చదువుకూ దీనికీ సంబంధం లేదమ్మా. చాలామంది గుర్తుల బొమ్మలను బట్టీ పడతారు, ఆకారం చూడరు. ఎర్ర అంచు త్రికోణం ముందున్న ప్రమాదాన్ని హెచ్చరిస్తుంది. ఎర్ర అంచు వృత్తం ఎక్కువగా నిషేధమే. నీలి వృత్తంలో తెల్ల బాణం ఉంటే అటే వెళ్లి తీరాలి. నీలి దీర్ఘచతురస్రం ఆసుపత్రి, పెట్రోలు బంకు వంటి సమాచారం. అసలు చిక్కు వృత్తాల్లోనే: ఎర్ర అంచున్న నీలి వృత్తంలో ఒక అడ్డగీత ఉంటే పార్కింగ్ వద్దని, రెండు గీతలు ఇంటూలా ఉంటే క్షణం కూడా ఆగొద్దని.

ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు బాధ్యతలు, కాపలా లేని రైల్వే గేటు, వెంట ఉండాల్సిన పత్రాలు కూడా చదవండి. అరవై శాతం వస్తే చాలు. పరీక్ష భాషగా తెలుగునే ఎంచుకోండి. ఇంగ్లిష్ వచ్చినా సరే. మళ్లీ స్లాట్ తీసుకుని, స్వల్ప రుసుము కట్టి రాయొచ్చు. పాస్ చేయిస్తానన్న ఏజెంటుకు మాత్రం పైసా ఇవ్వకండి.

తెర మీది అక్షరాలు మసకగా ఉంటే కంటి వైద్యుణ్ని కలవండి. మార్కుల్లో తేడా అనిపిస్తే నేరుగా ఆర్టీఏ అధికారిని అడగండి.