ఒక్క సెనేటర్ వద్దంటే

అమ్మాయీ,

అమెరికా రాజకీయాల మీద నువ్వు రాసి పంపిన వ్యాసాలు అందాయి. భాష బాగుంది, ఆవేశమూ బాగుంది. చిక్కల్లా ఒకటే. ఏ పేజీ తిరగేసినా అధ్యక్షుడే. ఆయన అన్న మాట, ఆయన చేసిన పని, దాని మీద నీకొచ్చిన కోపం. అధికారమంతా శ్వేతసౌధంలోనే పోగుపడి ఉన్నట్టు రాశావు. టీవీ చూసేవాళ్ళకి అలాగే కనిపిస్తుంది. రాసేవాళ్ళు మాత్రం కాస్త ముందుకు నడిచి, అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ కొలువుండే క్యాపిటల్ భవనం మెట్లెక్కాలి.

మనవాళ్ళందరికీ తెలిసిన గ్రీన్‌కార్డు సంగతే తీసుకో. ఉద్యోగాల కోటాలో ఏటా ఇచ్చేవి సుమారు 1,40,000. మామూలుగా ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్ళకీ అందులో 7 శాతానికి మించి దక్కవు. ఐస్‌లాండ్‌కీ ఇండియాకీ అదే కొలత. హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో వెళ్ళిన ఇంజినీరు ఏళ్ళ తరబడి హెచ్1బి వీసా పొడిగించుకుంటూ, పిల్లాడికి 21 నిండి తన దరఖాస్తు నుంచి జారిపోయేలోపు తన వంతు వస్తుందా అని లెక్కలు వేసుకోవడం అందుకే.

ఈ పరిమితి ఎత్తేసే బిల్లును 2019 జులై 10న ప్రతినిధుల సభ 365–65 ఓట్లతో ఆమోదించింది. రెండు పార్టీలవాళ్ళూ కలిసి వేసిన ఓట్లవి. సెనేట్‌లో యూటా రిపబ్లికన్ మైక్ లీ దాన్ని ఓటింగ్ లేకుండా ఏకగ్రీవ సమ్మతితో గట్టెక్కించాలని చూశాడు. ఆ పద్ధతిలో వందమందిలో ఒక్కరు అభ్యంతరం చెప్పినా బిల్లు అక్కడికక్కడే ఆగిపోతుంది. సెప్టెంబరులో జార్జియా రిపబ్లికన్ డేవిడ్ పెర్డ్యూ అడ్డుపడ్డాడు. అక్టోబరులో ఇల్లినాయ్ డెమొక్రాట్ డిక్ డర్బిన్ అడ్డుపడ్డాడు. ఎట్టకేలకు 2020 డిసెంబరు 2న, చాలా మార్పులతో, సెనేట్ సరేనంది. అప్పటికి రెండు సభల బిల్లులూ వేరువేరైపోయాయి. వాటికి పొత్తు కుదరకుండానే 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు తీరింది, బిల్లు మురిగిపోయింది.

అధ్యక్షుడి బల్ల దాకా కాగితమే పోలేదు.

డర్బిన్‌ను ఇంకాస్త దగ్గరగా చూడు. ఆయన వలసదారులకి పగవాడేం కాదు. చిన్నప్పుడే వచ్చి, కాగితాల్లేకుండా అక్కడే పెరిగిన పిల్లల కోసం 2001 నుంచీ డ్రీమ్ చట్టాన్ని భుజాన మోస్తున్నవాడు. మొత్తం కార్డుల సంఖ్య పెంచకుండా వాటాలు మాత్రమే మారిస్తే, ఇండియావాళ్ళ క్యూ తగ్గి మిగతా దేశాలవాళ్ళ క్యూ పెరుగుతుందని ఆయన వాదన. అది చెప్పకుండా ఆయన్ని తిట్టిపోస్తే వ్యాసం కాస్తా కరపత్రమవుతుంది. మీ ఇంట్లోనూ ఆ క్యూలో ఉన్నవాళ్ళున్నారు కదా, ఆ సంగతి మొదటి పేరాలోనే చెప్పెయ్యి. తర్వాత బయటపడితే నువ్వు రాసిన నిజాలను కూడా ఎవరూ నమ్మరు.

మనుషుల మీద తీర్పు చెప్పడానికి తొందరపడకు. లిండన్ జాన్సన్ 1937లో కాంగ్రెస్‌కి వచ్చాడు. 1957 దాకా పౌరహక్కుల బిల్లు ఏది వచ్చినా వ్యతిరేకంగానే నిలబడ్డాడు. ఆ మనిషే అధ్యక్షుడయ్యాక 1964 పౌరహక్కుల చట్టం కోసం పట్టుబట్టాడు. మరుసటి ఏడు అక్టోబరు 3న స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ దగ్గర కూర్చుని కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. తెలుగు డాక్టర్లూ ఇంజినీర్లూ పెద్ద సంఖ్యలో అమెరికా చేరగలిగింది ఆ చట్టం వచ్చాకే.

అయితే 1964 చట్టానికి కూడా జాన్సన్ ఒక్కడే కర్త కాదు. దక్షిణాది సెనేటర్లు రెండు నెలలకు పైగా ఉపన్యాసాలతోనే సభను నిలిపేశారు. వాళ్ళ నోళ్ళు కట్టాలంటే 67 ఓట్లు కావాలి. జూన్ 10న పేర్లు పిలుస్తున్నారు. కాలిఫోర్నియా సెనేటర్ క్లెయిర్ ఎంగిల్‌కి మెదడులో కణితి, మాట పడిపోయింది. చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. పేరు పిలిచినప్పుడు నోరు పెగల్లేదు. చెయ్యి మెల్లగా పైకెత్తి కంటిని చూపించాడు. సభలో ఔననడానికి ‘ఐ’ అంటారు, ఇంగ్లీషులో కన్నూ ‘ఐ’యే కాబట్టి గుమాస్తా దాన్ని ఓటుగా రాసుకున్నాడు. లెక్క 71–29 తేలింది. రెండు నెలలు తిరక్కుండానే ఎంగిల్ పోయాడు. ఇలాంటి వివరం ఒక్కటి దొరికితే ‘ప్రజాస్వామ్య స్ఫూర్తి’ అన్న మాట నువ్వు రాయనక్కర్లేదు.

అలాంటివి ఇంట్లో కూర్చుంటే దొరకవు. జాన్సన్ జీవితచరిత్ర రాస్తున్న రాబర్ట్ కారో భార్యతో కలిసి టెక్సస్ కొండప్రాంతానికి కాపురం మార్చి దాదాపు మూడేళ్ళు ఉన్నాడు. అక్కడో పెద్దావిడ ఆయన చేత బావిలో చేద వేయించి, నిండు బకెట్ తోడితే ఎంత బరువుంటుందో చూడమంది. కరెంటు లేని రోజుల్లో ఆడవాళ్ళు రోజూ మోసిన బరువు అది. యువ ప్రతినిధిగా జాన్సన్ ఆ పల్లెలకి కరెంటు తెప్పించడం వాళ్ళకి ఎంత పెద్ద సంగతో కారోకి అప్పుడే తెలిసింది.

నీకు టెక్సస్ కొండలు అక్కర్లేదు, మీ కౌంటీ ఆఫీసు చాలు. హైదరాబాదులో పుట్టి 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నరైన అరుణా మిల్లర్ కూడా రాజకీయాల్లోకి రాకముందు కౌంటీలో రోడ్ల ఇంజినీరే. వచ్చే నెల బోర్డు సమావేశానికి వెళ్ళు. బడ్జెట్ కాపీ తీసుకో. ఏదో ఒక రోడ్డునో బడినో పట్టుకుని, డబ్బు ఎవరు అడిగారో, ఎవరు వాయిదా వేయించారో, ఏ నిబంధన చూపించారో రాసుకో. వాయిదా వేయించినవాళ్ళతో కూడా మాట్లాడు. వెయ్యి మాటలు మించనివ్వకు. నీకు అనిపించిందంతా చివరి రెండు పేరాల్లో పెట్టుకో. ఈసారి చిత్తుప్రతే పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న